ఊట దగ్గర ఎర్రతల పిట్ట

రుటెంగ్, ఫిబ్రవరి

ప్రియమైన లుద్గార్దిస్ అక్కకు,

ఇక్కడ అందరం బాగున్నాం. వాన వదలడం లేదు. బడిలో నేను ఇంకా తాత్కాలిక మాస్టరునే. ఈ ఏడు ఒక్కరిని పర్మనెంటు చేస్తారట. సంతకం పెట్టే పెద్దాయనకు పాటపిట్టల పిచ్చి. పోటీలకు పెంచుతాడు. మీ ఊట దగ్గరుండే ఎర్రతల పిట్ట పిల్లలు తెచ్చిస్తే నా సంగతి చూస్తానన్నాడు.

బావకు చెప్పు, ఇది సిద. ఆడపిల్లనిచ్చిన వాళ్లం అడుగుతున్నాం. సిద అడిగితే కాదనకూడదని ఆయనకు నేను చెప్పక్కర్లేదు.

నీ తమ్ముడు,
సిరిలుస్

గోలో మెంద, మార్చి

ప్రియమైన తమ్ముడూ,

కాఫీ లారీ డ్రైవరు చేత బుట్ట పంపుతున్నాను. రెండు పిల్లలున్నాయి. వానపాముల్ని చిన్న ముక్కలు చేసి పెట్టు.

నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపించాను. "మీవాళ్లు గేదెను అడిగితే ఎక్కణ్నుంచో తెచ్చేవాణ్ణి. ఊటలోదాన్ని అడిగారు" అన్నాడు. సిద కాబట్టి వెళ్లాడు. గూట్లో మూడున్నాయట, ఒకటి వదిలేశాడు. కోతలయ్యాక చేసే పెంతి పండక్కి ఊట దగ్గర ఆ పిట్ట పాడేదాకా మా ఊరి పెద్ద ప్రార్థన మొదలుపెట్టడు, నీకు తెలుసు. అది ఎప్పుడూ కంటపడదు. ఆకుల కింద ఎక్కడో ఉంటుంది. పాట మాత్రం వినబడుతుంది.

ఉద్యోగం సంగతి తేలగానే రాయి.

మీ అక్క,
లుద్గార్దిస్

రుటెంగ్, సెప్టెంబరు

అక్కకు,

ఉద్యోగం వేరేవాడికి పోయింది.

పిట్టలు పెరిగాయి గానీ గొంతు విప్పలేదు. చివరికి తేలిందేమంటే రెండూ ఆడవి. ఆడవి పాడవట. పెద్దాయన పంజరంతో సహా తిప్పి పంపాడు. "ఏం మాస్టారూ, మీ కొండలో అన్నీ మూగవేనా?" అని పదిమందిలో నవ్వాడు.

బావ ఏరి ఏరి ఆడవాటినే పంపాడని మా ఆవిడ అంటోంది. నేను కాదనలేదు. సిద ఇచ్చినట్టూ ఉండాలి, ఇవ్వనట్టూ ఉండాలి. బాగానే చేశారు.

సిరిలుస్

గోలో మెంద, అక్టోబరు

ప్రియమైన తమ్ముడూ,

వెంటనే రాసి ఉంటే తిట్టేదాన్ని. అందుకే ఆగాను.

రెక్కలు కూడా రాని పిల్లల్లో ఏది మగదో ఏది ఆడదో ఎవడికి తెలుస్తుంది? మీ బావ వానలో తడుస్తూ చేతికందిన వాటిని తీశాడు. నీ మాట విని, "నాకంత తెలివే ఉంటే మీ తమ్ముడి పక్కన కుర్చీ వేసుకుని పాఠాలు చెప్పేవాణ్ణి" అన్నాడు. ఆ పూట అన్నం తినలేదు.

వదిలిన పిల్లకు రెక్కలొచ్చాక పెద్దవి రెండూ ఊట విడిచి పోయాయి. మిగిలినది మగది. ఈ మధ్యే గొంతు వచ్చింది. తెల్లవారినప్పటి నుంచి పొద్దుగూకే దాకా పాడుతూనే ఉంటుంది. తోడుకు వచ్చేది లేదు. నీళ్లకు వెళితే ఆడవాళ్లు ఎత్తిపొడుస్తున్నారు. "మీ పుట్టింటివాళ్లు పిల్లల్ని పట్టుకుపోయారు, వీడు చూడవే ఎట్లా అరుస్తున్నాడో" అని.

వచ్చే నెల పెంతి. పుట్టింటివాడిగా నువ్వు పందిని, నేతబట్టను తేవాలి. పంది వద్దు. ఆ పిట్టల్ని తీసుకురా. పిల్లనిచ్చిన వాళ్లను అడిగే హక్కు మాకు లేదు. ఊట కోసం అడుగుతున్నాను.

మీ అక్క,
లుద్గార్దిస్

రుటెంగ్, అక్టోబరు

ప్రియమైన అక్కకు,

ఒకదాన్ని పిల్లి తినేసింది. రెండోదాన్ని తెస్తాను. పందినీ తెస్తాను. పిట్టతో సరిపెట్టేశాడని మీ ఊరు నేను చచ్చేదాకా నవ్వుతుంది. సెలవు లేదు, పండగకు ముందే వచ్చి వెళ్లిపోవాలి.

బావతో ఏం మాట్లాడాలో తెలియడం లేదు. కాఫీ కాచి ఉంచమను.

నీ తమ్ముడు,
సిరిలుస్

గోలో మెంద, నవంబరు

ప్రియమైన తమ్ముడూ,

ఊట దగ్గర పంజరం తలుపు తీసి పెట్టినా పిట్ట బయటికి రాలేదని నువ్వు మొహం వేలాడేసుకుని లారీ ఎక్కావు. ఆ సాయంత్రం అది నడుచుకుంటూ బయటికొచ్చి ఆకుల్లోకి దూరింది. మళ్లీ కనబడలేదు. చచ్చిందనుకున్నాం.

పెంతి రోజు అందరం ఊట దగ్గర నిలబడ్డాం. ఊరిపెద్ద తెల్ల పుంజును చంకలో పెట్టుకుని పాట కోసం ఆగాడు. పాట లేదు. ఇన్నాళ్లూ చెవులు చిల్లులు పడేలా పాడినది ఆ పూటే నోరు మూసుకుంది. ఊరంతా నావైపే చూశారు. ఎక్కడికైనా పారిపోదామనిపించింది.

మీ బావ మోకాళ్ల మీద పాకుతూ పొదల్లోకి వెళ్లాడు. తిరిగొచ్చి ఊరిపెద్ద చెవిలో ఏదో చెప్పాడు.

"రెండా?" అన్నాడు పెద్ద.

"రెండే. పక్కపక్కన ఆకులు తిరగేసుకుంటున్నాయి."

ఊరిపెద్ద "మరి ఇంకెవరి కోసం పాడుతుంది?" అని పుంజును పైకెత్తి ప్రార్థన మొదలుపెట్టాడు.

నువ్వు కాఫీ సగంలో వదిలేసి లారీకి పరిగెత్తావని మీ బావ ఇంకా గొణుగుతున్నాడు. సెలవుల్లో రా.

మీ అక్క,
లుద్గార్దిస్