కీర్తిశేషులు అన్న మాట

డిసెంబరు 1999, శుక్రవారం

ఇవాళ ఆఫీసులో మూర్తిగారి వీడ్కోలు సభ. గుండె ఆపరేషన్ అయ్యాక ఆయన ఉద్యోగం మానేస్తున్నారు. ఆయన కారు నడిపే మల్లేశ్ తనూ నాలుగు మాటలు చెబుతానన్నాడు. పొద్దున నా దగ్గరికి వచ్చి, "మేడం, కీర్తిశేషులంటే మస్తు పేరున్నోళ్లే గద?" అని అడిగాడు. కంప్యూటర్లో 2000 సంవత్సరం తేదీలు సరిచేసే హడావిడిలో, తలెత్తకుండానే "ఆఁ, అంతే" అన్నాను.

సాయంత్రం అతను మైకు పట్టుకుని, "మన కీర్తిశేషులు మూర్తి సారు..." అని మొదలుపెట్టాడు. పోయినవాళ్లకు వాడే మాట! హాలంతా గొల్లుమంది. మూర్తిగారి భార్య మాత్రం నవ్వలేదు, ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"ఎవరు చెప్పారయ్యా నీకీ మాట?" అని మేనేజరు గద్దించాడు.

మల్లేశ్ నా వైపు చూడను కూడా లేదు. "నాకే తెల్వక అన్న సార్, మాఫ్ చెయ్యిండ్రి" అన్నాడు. నేను ముందు వరుసలోనే ఉన్నాను. లేచి, నేనే చెప్పానని అనలేకపోయాను.

తర్వాత కారు దగ్గరికి వెళ్లి క్షమించమన్నాను.

"మీరు పనిల ఉన్నరు మేడం. అది వదిలెయ్యిండ్రి. నేను గట్లన్నందుకు సార్‌కు ఏం కాదు గద?" అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ.

ఏమీ కాదని గట్టిగా చెప్పాను. నా మాట మీద అతనికి ఇంకా నమ్మకం ఉందో లేదో...