సబ్బు నురగలో తేల్చిన చదువు

జూలై 8, సోమవారం

కాలేజీ పెద్దసారు గారికి,

నమస్కారాలు. మీరు చల్లగా ఉండాలి, నేను చెప్పేది పూర్తయ్యేదాకా కుర్చీలోంచి లేవకుండా ఉండాలి. నన్ను దువ్వెనమ్మ అంటారు. వయసు డెబ్బై దాటింది, నోటికి మాత్రం ఇంకా వయసు రాలేదు. ముందు గదిలో నా కొడుకు సెలూన్. వెనక గదుల్లో వాడు, కోడలు, మనవరాలు, నేను. నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే ఒక మనిషి రాస్తున్నాడు. ఒక్క మాట మింగినా ఊరుకోనని ముందే చెప్పాను.

సంగతేమిటంటే, మా పిల్ల మీ దగ్గర కంప్యూటర్ల చదువులో చేరింది. ఇప్పుడు పురుగుల చదువుకి మారతానంటోంది. తండ్రి సంతకం లేనిదే కుదరదన్నారట మీ ఆఫీసువాళ్ళు. శుక్రవారంతో గడువు అయిపోతుందట. నా కొడుకు ససేమిరా అంటున్నాడు.

అయ్యా, అసలు ఆ కంప్యూటర్లు ఎంచింది ఎవరో తెలుసా? గడ్డం గీయించుకోవడానికి వచ్చినవాళ్ళు! బ్యాంకాయన మొహం నిండా నురగ పూసుకుని, కంప్యూటర్లయితే ఉద్యోగం గడప తొక్కి వస్తుందన్నాడు. తలకు రంగేయించుకునే కాంట్రాక్టరు, మా మేనల్లుడూ అదే చదివాడు, ఇంకా ఆలోచనేమిటోయ్ అన్నాడు. నా కొడుకు కత్తెర ఆడిస్తూ తలాడించాడు. మీసం ఉంచాలా తీయాలా అని ప్రతివాణ్ణీ అడిగే మనిషి, కన్నకూతుర్ని ఒక్క మాట అడగలేదు!

బియ్యంలో పురుగు పడితే నేను ఏరి పారేస్తాను. అదేమో వాటిని సీసాలో వేసి, ఏ గింజని ఎలా తొలుస్తాయో చూస్తూ తిండి మర్చిపోతుంది. మొన్న షట్టరు మూల కందిరీగ మట్టిగూడు కట్టింది. తండ్రి పొగ పెట్టబోతే అడ్డం నిలబడింది. నాన్నా, ఇది ఒంటరిది, దండుగా వచ్చి కుట్టే రకం కాదు, కాసేపు కూర్చుని చూడు అంది. వాడు విసుక్కుంటూనే కూర్చున్నాడు. కందిరీగ పచ్చటి గొంగళిపురుగుని ఎత్తుకొచ్చి, పుట్టబోయే పిల్ల కోసం గూట్లోకి తోస్తుంటే నోరెళ్ళబెట్టాడు. కుర్చీలో ఉన్నాయన కూడా సగం గడ్డంతో లేచొచ్చి చూశాడు. వాళ్ళకి చూపించి చెబుతున్నప్పుడు మా బంగారుతల్లి మొహం మీరు చూడాలి సారూ! కంప్యూటర్ పుస్తకం ముందు అదే మొహం పిండి ఆరేసిన తువ్వాలులా ఉంటుంది.

పురుగులు అన్నం పెడతాయా అని వాడి బెంగ. తండ్రి గదా, తప్పనను. కానీ పంట తినే పురుగు ఉన్నంతకాలం దాని గుట్టు తెలిసినవాళ్ళు అక్కర్లేదా? ఎంత చెప్పినా వినడు, మొండిఘటం. ఆ మొండితనం ఎవరి పోలికో అడగకండి. నా వేలిముద్రనే తండ్రి సంతకంగా లెక్కేసుకుని పిల్లని మార్చండి. కుదరదంటారా, వచ్చి మీ గుమ్మంలో కూర్చుంటాను.

ఇట్లు,
దువ్వెనమ్మ (ఎడమ బొటనవేలి ముద్ర)

సాక్షులు: ఎదురింటి దర్జీ, మేడమీది నర్సమ్మ

తా.క.: అయ్యా, ఈ ఉత్తరం రాసింది నేనే, ఆ మొండిఘటం కొడుకుని. ఇంకెవరి చేతా రాయించనంది అమ్మ. మధ్యలో కలం కింద పెట్టేశాను. ముందు రాయి, కోపం తర్వాత పడుదువుగానిలే అంది. వేలిముద్ర పడ్డాక లోపలికి వెళ్ళి, నీకేం చదవాలనుందమ్మా అని పిల్లని అడిగాను. చెప్పడం మొదలుపెట్టింది, ఇంకా ఆపలేదు. సగం అర్థం కాలేదు గానీ వినబుద్ధేస్తోంది. ముందు గదిలోంచి ఎవరో కేకేస్తున్నారు. కాస్త ఆగమన్నాను. తండ్రి సంతకం ఇదిగో, కింద పెట్టాను.