కెల్లర్‌లో ఉన్న తుపాకీ

మార్చి, శనివారం రాత్రి

ఈ రోజు కావ్య అందరి ముందూ నా పరువు తీసింది. అయినా ఇంత గర్వంగా నాకెప్పుడూ అనిపించలేదు.

రాష్ట్ర ఎన్నికల సభ మా ఊరి షూటింగ్ క్లబ్ హాల్లోనే పెట్టారు. మా అభ్యర్థి ఎప్పటిలాగే మొదలుపెట్టాడు. రాజధాని స్టుట్‌గార్ట్‌లో ఉండేవాళ్ళకు పల్లెటూళ్ళ సంగతి తెలియదట, కేంద్రం తుపాకీ చట్టాన్ని ఇంకా బిగిస్తానంటే మన రాష్ట్రం బెర్లిన్‌లో అడ్డుపడుతుందట. అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను. క్లబ్బులో పాత సభ్యుణ్ణి మరి.

అప్పుడు నా కూతురు కావ్య లేచి మైకు అడిగింది. చదువుకని స్టుట్‌గార్ట్ వెళ్ళినప్పటి నుంచి దాని ఆలోచనే వేరు. తడబడకుండా జర్మన్‌లో చెప్పింది: "తుపాకులు క్లబ్బులోనే ఉండాలి, ఇళ్ళల్లో కాదు. మా నాన్నది మా ఇంటి కింద కెల్లర్‌లో ఉంది. ఆయన మంచివాడే. కానీ చట్టం రాసేది మంచివాళ్ళను చూసి కాదు కదా."

హాలంతా నా వైపు తిరిగింది. పక్కనున్న క్లబ్ ప్రెసిడెంట్ నెమ్మదిగా, "ఈ పిల్లకు ఇంత ధైర్యం ఎవరు నేర్పారు?" అన్నాడు.

"నేనే" అన్నాను.

ఆయన నవ్వలేదు. వచ్చే వారం ప్రాక్టీస్‌కు వెళ్తే ఎలా ఉంటుందో...

కారులో అడిగింది, "కోపమొచ్చిందా నాన్నా?"

"కోపమెందుకు బిడ్డా? ఓటు మాత్రం నీ దిక్కు వెయ్య."

"వెయ్యకు. నా ఓటు నాకుంది కదా."

అవును, దానికి ఇదే మొదటి ఓటు.

అది పడుకున్నాక కెల్లర్‌లోకి దిగి తుపాకీ బీరువా తాళం చూశాను. వేసే ఉంది. పైకొచ్చి కూర్చున్నాను. మళ్ళీ దిగి చూశాను.