గిజిగాడి గూళ్ళ బేరం

3 అక్టోబరు 1999, ఆదివారం

ఈ నెల బియ్యం బస్తా వచ్చింది. మా బావగారు పెదబాబు బుచ్చయ్యపేట నించి నెలకో బస్తా పంపుతారు. వాళ్ళ పొలంలో చేసే పాలికాపు దాసు సైకిలు మీద తెస్తాడు. మాకు పెరటి దారి ఉంది. అటు రాడు. వీధి కుళాయి దగ్గర ఆడాళ్ళందరూ బిందెలతో నిలబడ్డ టైము చూసి, వీధరుగు మీద ధబ్బుమని దించుతాడు. పెదబాబుగారు పంపేరమ్మా అని కేకేస్తాడు. అలా కేకెయ్యమని ఆయనే చెప్పేరంట. దాసుదేటి తప్పు.

మా ఆయన అనకాపల్లిలో గుమస్తాగా చేసిన బెల్లం కొట్టు మూసేసి ఏడు నెలలు. ఆయన అడగని కొట్టు లేదు. ఈ ఏడు నెలలూ ఆ బియ్యమే తింటన్నాం. మా ఆయన, నేను, అత్త, మా గుంట సత్యశ్రీ. మొన్న పెళ్ళిలో తోటికోడలు మంగాయమ్మ పదిమందిలో అడిగింది, ఈసారి పాత బియ్యం పంపేం, అన్నం బాగా ఒదిగిందా అని. ఒదిగిందక్కా అన్నాను. ఇంటికొచ్చి ఆ పూట తినలేకపోయేను.

ఇదిగో, రాసి పెడతన్నాను. ఆ బస్తాని ఒక్కసారి వెనక్కి పంపాలి. తర్వాత సంగతి తర్వాత.

10 అక్టోబరు, ఆదివారం

చెల్లి దేవిశ్రీ వచ్చింది. విశాఖపట్నం ద్వారకానగర్‌లో ఇంటర్నెట్ సెంటర్లో పని దానికి. గంటకి ఇంతని కట్టి జనం కంప్యూటర్ ముందు కూర్చుని పోతారంట.

మా వసారాలో సత్యశ్రీ వేలాడదీసిన గిజిగాడి గూడు ఒకటి ఉంది. పోయినసారి వచ్చినప్పుడు దేవిశ్రీ దాన్ని ఫోటో తీసుకెళ్ళింది. స్కాన్ చేసి, హోమ్ పేజీ అని ఒకటి తయారుచేసి అందులో పెట్టిందంట. అప్పుడు నేను నవ్వేను. ఇప్పుడు బెంగుళూరు నించి మెయిల్ వచ్చింది. షర్మిల అనే ఆవిడకి ఇళ్ళల్లో అలంకారానికి పెట్టుకునే వస్తువుల షాపు ఉందంట. అరవై గూళ్ళు కావాలంట. ఒక్కోటి నలభై రూపాయలు.

పిట్ట ఊరికే కట్టిన గూటికి నలభై రూపాయలు పుచ్చుకోడమేటే అన్నాను. పిట్ట ఊరికే కట్టింది, నువ్వు ఊరికే తేవు కదా అంది. అదీ నిజమే.

13 అక్టోబరు, సాయంత్రం 5

ఏడు గూళ్ళు.

పొలం గట్ల మీద ఈత చెట్లకీ, నేలబావుల మీద వంగిన తుమ్మలకీ ఉంటాయి. పొద్దున్నే వెళ్ళి చూడాలి. పిట్టల రాకపోకలుంటే ఆ చెట్టు జోలికి పోకూడదు. ఈ నెలకి పిల్లలు ఎగిరిపోయి చాలా గూళ్ళు ఖాళీయే. దోటి చివర కొడవలి కట్టుకున్నాను. కొయ్యాల్సింది గూడుని కాదు, అది వేలాడే ఆకునో రెమ్మనో. బావి మీదవైతే నీళ్ళల్లో పడిపోతాయి, అందుకని కింద పాత చీర పరిచి అంచుల మీద రాళ్ళు పెట్టేను. మెడ పట్టేసింది. ముల్లు ఒకటి అరికాల్లో ఉండిపోయింది.

చెరుకు తోటలోంచి ఎవడో అరిచేడు, ఏటమ్మా సత్యారావు పెళ్ళాం, పుల్లలేరుకుంటన్నావా అని. అవున్రా బాబూ, నువ్వూ రా, నీకూ వాటా ఇస్తాను అన్నాను.

14 అక్టోబరు

అత్త అన్నం తినలేదు. ఈ ఇంట్లో నలుగురికి పెట్టేం గానీ గట్ల మీద ఏరుకు తిన్నవాళ్ళెవరూ లేరని గోడకేసి చెప్పింది. పిట్ట గూడు పీకితే ఇల్లు కలిసొస్తాదా అని కూడా అంది.

నాకూ నోరుంది. ఇప్పుడు తింటన్నదేటత్తా, అరుగు మీద దించింది కాదా అనేసేను. ముసిలావిడ లేచి లోపలికి పోయింది. అనకుండా ఉండాల్సింది. అయినా నిజమే కదా.

21 అక్టోబరు

సత్యశ్రీని బళ్ళో గిజిగాడి పిల్ల అంటన్నారంట. అలా అన్నోడి చొక్కా జేబు చింపి వచ్చింది. తిట్టలేదు.

31 అక్టోబరు, ఆదివారం

ఒరిస్సాలో తుఫాను. మనకి గాలి మాత్రమే. ఆ గాలికే గూళ్ళు చాలా రాలి చిరిగిపోయేయి. బాగున్నవి నలభై ఒకటి. ఇంకా పంతొమ్మిది కావాలి. దేవరాపల్లి బస్సెక్కి కాలవ గట్టుకి వెళ్తాను. అక్కడ నన్నెవరూ ఎరగరని కాదు. ఎరిగినా నాకేం.

4 నవంబరు

దాసు వచ్చేడు. బస్తా దించేడు. కుళాయి దగ్గర ఎనిమిది మంది ఉన్నారు, లెక్కపెట్టేను. తీసి లోపల పెట్టుకున్నాను. ఇంకో నెల. అంతే.

10 నవంబరు

అరవై అయ్యేయి.

కిరాణా కొట్లో అడిగి నాలుగు పెద్ద అట్టపెట్టెలు తెచ్చేను. పురికొస కొనడానికి వెళ్ళి వచ్చేసరికి అత్త మూడు పెట్టెలు సర్దేసి నాలుగోది మొదలెట్టింది. ఎవరు చెప్పేరూ అంటే, ఊరికే కూర్చుంటే కాళ్ళు పట్టేస్తన్నాయంది. ఆ మాటకే నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చేయి. నెల్లాళ్ళ తర్వాత నాతో మాటాడ్డం అది.

మా ఆయనా నేనూ అనకాపల్లి తీసుకెళ్ళి లారీ ఆఫీసులో బుక్ చేసేం. ఎండుగడ్డికి ఇంత బరువేటండీ అన్నాడక్కడి గుమస్తా. తడి ఆరలేదేమో అన్నాను. వచ్చేటప్పుడు మా ఆయన సోడా తాగించేడు. ఎనిమిది నెలల్లో ఆయన నాకోసం కొన్నది అదొక్కటే.

21 నవంబరు, ఆదివారం, పగలు 11

బస్టాండు ఎదురు ఎస్టీడీ బూత్‌కి దేవిశ్రీ ఫోన్ చేసింది. ముందు బాగున్నావా అని అడిగింది. అప్పుడే అర్థమైపోయింది.

పెట్టెలు దారిలో గోడౌన్లో ఆరు రోజులున్నాయి. ఎలకలు పడ్డాయి. అట్టలు కొరికి, గూళ్ళన్నీ చీల్చి పీలికలు చేసేసేయంట. ఒక్కటీ మిగల్లేదు. గూళ్ళల్లో బియ్యం ఎందుకు పోసేరని ఆవిడ మెయిల్‌లో అడిగిందంట. డబ్బు ఇవ్వదు. ఇంక మనతో బేరం పెట్టుకోదు.

బియ్యమేటి అన్నాను. ప్రతి గూట్లో బియ్యమంట అక్కా, నీకు తెలీదా అంది దేవిశ్రీ.

అదే రోజు, 3 గంటలు

అత్తని అడిగేను. ముసిలావిడ దాచలేదు. అవును, ఒక్కోదాన్లో ఓ గుప్పెడు పోసేను అంది. పక్కింటోళ్ళ గిన్నె తిరిగిచ్చేటప్పుడు ఖాళీగా ఇస్తామా, ఓ ఉప్పుకల్లయినా ఎయ్యమా అని నన్నే అడిగింది. గిన్నెకే అంత పాటిస్తామే, అది గూడు, ఒకరి ఇల్లు, మన గుమ్మం లోంచి అరవై గూళ్ళు ఖాళీగా ఎలా పంపుతానంది. నువ్వు బాగుపడాలనే పోసేనే అంది. అని గుడ్లనీళ్ళు కుక్కుకుంది.

ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. పెరట్లోకి పోయి ఏడ్చేను. నెల్లాళ్ళు చెట్ల కింద మెడెత్తి నిలబడ్డాను. ముళ్ళు తొక్కేను. ఆ బియ్యం ఎవరివో తలుచుకుంటే ఇంకా మండిపోయింది. ఆయన బియ్యం మా కడుపులోకే కాదు, నా గూళ్ళల్లోకీ వచ్చేయి.

కానీ ఒక మాట నిజంగా రాయాలి. పెట్టెలు కట్టేముందు అత్త నన్ను అడిగుంటే నేనూ పొయ్యమనేదాన్నేమో. మా అమ్మా అలాగే చేసేది. ఖాళీ గిన్నె ఇచ్చిన పాపాన నేనూ ఏనాడూ పోలేదు.

28 నవంబరు, ఆదివారం

ఊరంతా తెలిసిపోయింది. బావగారు స్వయంగా వచ్చేరు. మంచం మీద కూర్చుని కాఫీ తాగి, నవ్వి నవ్వి దగ్గేరు. గూళ్ళమ్ముకునే గతి పట్టిందా మన ఇంటికి అన్నారు. ఇంక ఆ దోటి పొయ్యిలో పెట్టమన్నారు. చెరుకు నరుకుడు మొదలవుతంది, నలభై మంది కూలోళ్ళకి ఒండాలి, నీ పెళ్ళాన్ని మా ఇంటికి పంపు, నెలకి రెండు బస్తాలు పంపుతాను అన్నారు. నాతో కాదు, మా ఆయనతో. నేను ఎదురుగానే నిలబడి ఉన్నాను.

మా ఆయన నేలకేసి చూస్తన్నాడు.

నేనే చెప్పేను. ఎవరింటికీ ఒండడానికి రాను బావగారూ అన్నాను. దోటి పొయ్యిలో పెట్టను అన్నాను. అయితే ఆ గూళ్ళే ఒండుకు తినండని చెప్పులేసుకున్నారు. అత్త తలుపు చాటున ఉంది.

29 నవంబరు

షర్మిలకి తెలుగులో ఉత్తరం రాసేను. జరిగింది జరిగినట్టు. గిన్నె సంగతి, అత్త సంగతి, గుప్పెడు బియ్యం సంగతి. మీరు డబ్బు ఇవ్వక్కర్లేదు, తప్పు మాదే, కానీ మేం ఎలకలున్న ఇంటివాళ్ళమని మాత్రం అనుకోకండి అని రాసేను. దేవిశ్రీకి పోస్టు చేసేను, ఇంగ్లీషులో కొట్టి పంపమని. క్షమించండి అన్న మాట ఒక్కసారే పెట్టమని కూడా రాసేను. రెండోసారి అడుక్కున్నట్టుంటాది.

దోటి తీసుకుని సాయంత్రం మళ్ళీ వెళ్ళేను. రెండు దొరికేయి.

5 డిసెంబరు, ఆదివారం



దాసు వచ్చేడు. రెండు కాదు, ఒక్క బస్తాయే. అరుగు మీద దించి కేకెయ్యబోతన్నాడు. ఆగు దాసూ అన్నాను. మళ్ళీ ఎక్కించు, పట్టుకుపో, మాకు వద్దని చెప్పు అన్నాను. ఇంట్లో నాలుగు రోజులు అంబలి కాచుకోడానికి సరిపడా చోళ్ళున్నాయి, ఓ కుంచెడు బియ్యం ఉన్నాయి. బెంగుళూరు నించి కబురు లేదు. డబ్బొచ్చేక పంపాలనుకున్నాను గానీ, ఆవేళకి నా నోరు ఇలా లేవదేమో.

కుళాయి దగ్గర బిందెలు నిండి పొర్లిపోతన్నా ఎవరూ కుళాయి కట్టట్లేదు. దాసు భయపడ్డాడు. అయ్య నన్ను చంపుతారమ్మా అన్నాడు. ఒక్కడే ఎత్తలేక అవస్థ పడతన్నాడు. అప్పుడు మా ఆయన లోపల్నించి వచ్చేడు. నన్ను తిడతాడనుకున్నాను. వచ్చి బస్తాకి ఒక పక్క పట్టి సైకిలు మీదకి ఎత్తేడు. తాడు కూడా ఆయనే బిగించేడు.

పగలు చోడి అంబలి తాగేం. సత్యశ్రీ ఇంకా ఉందా అనడిగింది. ఉంది.

7 డిసెంబరు

బావగారి కబురు. ఆ బియ్యం తమ్ముడికి కాదంట, వాళ్ళమ్మకంట. అమ్మకి అంబలి పోసే ఇంట్లో అమ్మని ఉంచరంట. ఆదివారం ఆటో పంపుతారు, ఎక్కించమన్నారు.

నన్ను ఎక్కడ కొట్టాలో తెలుసు ఆయనకి. అత్త వెళ్ళిపోతే ఊరు ఏమంటాదో నాకు తెలుసు. ముసిలిదాన్ని మాడ్చి తరిమేసింది అంటారు. నా నోటి వల్ల ముసిలావిడ ఇల్లు మారతంది. అత్తని ఉండమని అడగలేను. ఉంచి ఏం పెడతాను? అయినా ఆ బస్తా మళ్ళీ అడగను.

8 డిసెంబరు

దేవిశ్రీ ఫోన్. షర్మిల మెయిల్ ఇచ్చింది. ఉత్తరం చదివి వాళ్ళమ్మకి కూడా చదివి వినిపించిందంట. ముప్పై గూళ్ళు పంపమంది, ఈ నెలాఖరు లోపల. ఈసారి ఖాళీవి. పెట్టె విప్పి చూసేక డబ్బు ఇస్తాదంట. ముప్పైకి ఒక్కటి తగ్గినా వద్దంది.

నా దగ్గర ఇప్పటికి ఏరినవి పదహారున్నాయి.

11 డిసెంబరు

మా ఆయన కూడా వస్తన్నాడు ఇప్పుడు. మూడు రోజులు తిరిగేం. మేం కోసినవి కోసేం, గాలి రాల్చినవి రాల్చింది. దేవరాపల్లి కాలవ గట్టు మీద కూడా చీకిపోయినవే. పదహారు పదహారుగానే ఉన్నాయి. చోళ్ళు నిన్నటితో అయిపోయేయి. సత్యశ్రీ చెవిపోగులు అమ్మేద్దామా అన్నాడాయన. వద్దన్నాను.

12 డిసెంబరు, ఆదివారం, పొద్దున్న 9

ఆటో వచ్చింది. దాసు వెనకాల వేలాడుకుంటూ వచ్చేడు. అత్త తలంటుకుని, మంచి చీర కట్టుకుని, సంచీ పట్టుకుని రెడీగా ఉంది. సత్యశ్రీ చెయ్యి పట్టుకుంటే విడిపించుకుని ఎక్కింది. ఆటో మలుపు తిరిగే వరకూ మా ఆయన వీధిలోనే నిలబడ్డాడు. కుళాయి దగ్గర అందరూ చూసేరు. నేను తల దించలేదు. లోపలికొచ్చి తలుపేసుకున్నాను.

అదే రోజు, సాయంత్రం 6

అత్త బస్సు దిగి నడిచి వచ్చింది. సంచీ చేతిలోనే ఉంది. పెద్దకొడుకింట్లో పప్పన్నం తినేసి వచ్చేనంది. వాళ్ళ నూతి మీద ఈత చెట్టుకి పదిహేను గూళ్ళున్నాయంట, పిట్ట ఒక్కటీ లేదంట, మూడుసార్లు లెక్కెట్టిందంట. రేపు దోటి పట్టుకుని ఎల్దాం, ముందు నేను నడుస్తాను అంది.

రేపు వెళ్తన్నాం. పట్టపగలే.