తెలుగు పేజీలో పాత దారి

పిన్నికి,

నమస్కరించి రాస్తున్నాను. ఇక్కడ అందరం కులాసాగానే ఉన్నాం. నాన్నకు మోకాలి నొప్పి తగ్గింది, అమ్మతో పోట్లాట మాత్రం తగ్గలేదు. నీ కంటి ఆపరేషన్ బాగా జరిగిందని తెలిసి అమ్మ మనసు కుదుటపడింది. నల్లద్దాలు పెట్టుకుంటే పోలీసు అధికారిలా ఉన్నానని రాశావే, అది చదివి పడీపడీ నవ్వింది.

మా ఆసుపత్రి వెబ్‌సైటు సంగతి అడిగావు. ఇప్పుడు ఐదు భాషల్లో నడుస్తోంది. ఇంగ్లీషులో ఒక్క మాట మారితే మిగతా నాలుగింటిలోనూ మార్చాలి. ఐదుగురు ఆడపిల్లలకు ఒకేసారి జడలు వేసినట్టే, ఒకరిది ముగించేసరికి ఇంకొకరిది ఊడిపోతుంది. మిగతా భాషలకు జీతానికి మనుషులున్నారు. తెలుగుకి నువ్వే. నెలలు నిండినవాళ్ళ కోసం నువ్వు రాసిన పేజీ చదివి రిసెప్షన్‌లో అమ్మాయి, "ఎవరో పెద్దావిడ పక్కన కూర్చుని చెప్తున్నట్టుంది" అంది.

"పని పంపడం ఎందుకు మానేశారే, ఏమైనా తప్పు రాశానా?" అని కూడా అడిగావు. ఆ ఒక్క ప్రశ్నకే జవాబు ఇంత ఆలస్యమైంది.

తప్పు నీది కాదు పిన్నీ. కాన్పుల విభాగం వంతెన అవతల కొత్త భవనంలోకి మారింది. ఇంగ్లీషు పేజీ నేను మార్చాను, తక్కినవాళ్ళూ వాళ్ళ వాళ్ళ పేజీలు మార్చుకున్నారు. నీకు మాత్రం పంపలేదు. కంటికి కట్టుతో ఉన్నావు, నిన్నెందుకు కష్టపెట్టడం, ఆ రెండు ముక్కలూ నేనే రాసేద్దాం అనుకున్నాను. వేరే పనిలో పడి మరిచిపోయాను. తెలుగు పేజీలో పాత చిరునామా అలాగే ఉండిపోయింది.

ఒక వడ్రంగి ఆ పేజీ చూసుకుని, నొప్పులు పడుతున్న భార్యను ట్యాక్సీలో పాత భవనానికి తీసుకొచ్చాడు. తలుపుకి తాళం. వెనక్కి తిరిగితే వంతెన మీద ట్రాఫిక్‌లో బండి కదల్లేదు. కాన్పు ట్యాక్సీలోనే అయింది. తల్లికి ఏమీ కాలేదు. బిడ్డ ఊపిరందక నీలంగా మారిపోయాడు.

మేనేజరు నన్ను పిలిచి, "తెలుగు పేజీ ఎందుకు మార్చలేదు?" అన్నాడు.

"అనువాదం ఇంకా రాలేదండీ" అన్నాను.

నోరు జారి అన్నది కాదు, తెలిసే అన్నాను. "అయితే ఆవిడతో ఇక పని పెట్టుకోకండి. పేజీ కింద పేరు కూడా తీసేయండి" అన్నాడాయన. నీ పేరు తీసింది నా చెయ్యే.

ఆ తర్వాత ఉండబట్టలేక వార్డుకి వెళ్ళాను. నేనెవరో చెప్పాను. తిడతాడనుకున్నాను. వడ్రంగి స్టూలు నా వైపు జరిపాడు. "ఇంగ్లీషు పేజీ కూడా ఉందండీ. మన భాషలో రాసేవాళ్ళు మనకోసం చూసే రాస్తారు కదా అని దీన్నే నమ్మాం" అన్నాడు.

అటునుంచి అటే మేనేజరు గదికి వెళ్ళి నిజం చెప్పేశాను. పేజీలు మార్చే పని నానుంచి తీసేశారు. ఇప్పుడు ఫొటోలు ఎక్కిస్తున్నాను. నీ పేరు మళ్ళీ పెట్టారు.

బిడ్డ పాలు తాగుతున్నాడు. ఎడమ చెయ్యి మాత్రం సరిగా కదపడం లేదు. కాస్త పెరిగితేగాని ఏమీ చెప్పలేమంటున్నారు డాక్టరుగారు.

నిన్న ఆ తల్లి కనబడి, "బాబు చేతికి వ్యాయామం ఎలా చేయించాలో మీ తెలుగు పేజీలో ఉంటుందా అక్కా?" అని అడిగింది. ఇంగ్లీషులో ఉంది, తెలుగులో లేదు. రాసిపెట్టమని నిన్ను అడగడానికి నాకు మొహం చెల్లడం లేదు. అయినా అడుగుతున్నాను, పిన్నీ.

ఇట్లు,
నీకు మాట తెచ్చిన
నీ అక్క కూతురు