ఆరో కుర్చీ

మామయ్యకు నమస్కారాలు.

మా లైబ్రరీలో కంప్యూటర్ క్లాసు నాకు అప్పగించారు. ఆరుగురు. కంప్యూటర్లో ఎన్నడూ ఒక్క పేజీ కూడా రాయనివాళ్లనే చేర్చుకోవాలని నిబంధన. నెలాఖరుకి ఆరుగురూ తలా ఒక పేజీ రాసివ్వకపోతే క్లాసు ఎత్తేసి, ఆ గదిలో పాత బీరువాలు పెడతారట. ముప్పయ్యేళ్లు కంప్యూటర్లు బాగుచేసిన చెయ్యి మీది. రాయడానికి వీళ్లకి ఏ ఎడిటర్ ప్రోగ్రాం నేర్పను?

మీ మేనకోడలు

తా.క. క్లాసులో నన్ను గట్టిగా మాట్లాడమంటున్నారు. బోర్డు మీద రాస్తే చాలదా?

---

చిట్టితల్లికి ఆశీస్సులు.

అడిగావు, బతికిపోయావు! నా ఎడిటరే నేర్పు. అందులో మీట నొక్కగానే అక్షరం పడదు. ప్రతి మీటా ఒక ఆజ్ఞ. రాయాలంటే ముందు దాని అనుమతి తీసుకోవాలి. మౌసులన్నీ పీకి దాచెయ్. మొదటి వారం రాయనివ్వకు, తెర మీద కదలడం నేర్పు. తేలికవి అలవాటైతే చెయ్యి పాడవుతుంది.

మామయ్య

తా.క. నా చేతిరాత అర్థంకాకపోతే మీ అమ్మచేత చదివించుకో.

---

మామయ్యకు,

కదలడం నేర్పాను. దర్జీగారు ఏదో మీట రెండుసార్లు నొక్కితే లైను మాయమైంది. "కత్తెర కనబడకుండానే కత్తిరించింది, పనిమంతురాలే!" అని మెచ్చుకుని మిగతా లైన్లూ కత్తిరించేశారు. రిటైరైన నర్సమ్మగారు "10.40: స్పందన లేదు" అని పుస్తకంలో రాసుకుంటున్నారు. వంటమేస్త్రి ఎడిటర్ మూసే దారి దొరక్క, కంప్యూటర్‌ని అలాగే వదిలేసి వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు.

మీ మేనకోడలు

తా.క. ఆ ఎడిటర్లో మీరేం రాస్తుంటారు? మీ ఉత్తరాలన్నీ చేతిరాతే కదా. రెండో పేజీ అమ్మకీ అర్థంకాలేదు.

---

చిట్టితల్లీ,

లోపం ఎడిటర్‌ది కాదు, రంగులది. నల్ల తెర మీద పచ్చ అక్షరాలు పెట్టు. మేస్త్రి పరిగెత్తుకొస్తాడు.

మామయ్య

తా.క. నీ ప్రశ్న బాగుంది. ఇక్కడ వాన పడుతోంది.

---

మామయ్యకు,

క్షమించండి. మౌసులు మళ్లీ తగిలించాను. తెరిస్తే తెల్లకాగితంలా ఉండే ఎడిటర్ ఇచ్చాను. గట్టిగానే చెప్పాను, నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. రెండు రోజుల్లో ఐదు పేజీలు వచ్చాయి. ఇప్పుడు నర్సమ్మగారు మీ ఎడిటర్‌ని తలుచుకుని "ఆ మొండి పేషెంటుని ఇంకోసారి చూడనిస్తావా తల్లీ?" అంటున్నారు. కానీ ఆరో కుర్చీ ఖాళీ. శనివారమే గడువు.

మీ మేనకోడలు

తా.క. వాన తగ్గిందా? మీరేం రాస్తుంటారు?

---

చిట్టితల్లీ,

తగ్గింది. చెప్పేస్తాను. నా రిపేరు కొట్టు మూసేసిన రోజు, ఇక తీరిగ్గా ఉత్తరాలు రాసుకుందామని ఆ ఎడిటర్ పెట్టుకున్నాను. ఏ మీటకి ఏ పని అప్పజెప్పాలి, తెరకి ఏ రంగు వెయ్యాలి అని అమర్చుకుంటూనే ఉన్నాను. పదకొండేళ్లయింది. అందులో ఒక్క ఉత్తరమూ రాయలేదు.

మీ నిబంధన మళ్లీ చదివాను. ఎన్నడూ ఒక్క పేజీ కూడా రాయనివాళ్లు కావాలన్నావుగా. శుక్రవారం పొద్దున్నే బస్సెక్కుతున్నాను.

నీ ఆరో విద్యార్థి

తా.క. నా కంప్యూటర్‌కి మౌసు ఉంచు. నర్సమ్మగారికి చెప్పకు.