మోతీ చెవులు

తాండూరు,
12-2-1961

మా ఇంటాయనకు నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ అందరం బాగున్నాం. అత్తమ్మకు మోకాలి నొప్పి తగ్గింది, నోరు మాత్రం తగ్గలేదు. అనంతగిరి చలికి మీరు మఫ్లరు కట్టుకుంటున్నారో లేదో అని మేమిద్దరం రోజూ తగువు పడుతున్నాం కనుక ముందు ఆ సంగతి రాయండి. దగ్గు పూర్తిగా పోయిందని, ఉగాదికి ముందే ఇంటికి పంపిస్తామని ఆస్పత్రి డాక్టరుగారు అన్నట్టు మీరు రాసిన ముక్కను అత్తమ్మ మళ్ళీ మళ్ళీ చదివించుకుని విన్నది. మీరు దగ్గరలేని ఈ ఏడాదిలో ఆమె అంత హాయిగా నవ్వడం నేను చూడలేదు.

మీరడిగిన వాటికి జవాబులు. కందులు ఇల్లు చేరాయి. వసారాలో పగిలిన బండ మార్పించాను. మోతీని పెద్దేముల్ మామయ్య దగ్గరికి పంపించావా అని అడిగారు. పంపించాను. ఆ తర్వాతి సంగతి చివర రాస్తాను, జర ఓపిక పట్టండి.

మామయ్యకు దాని గురించి ఏమేం చెప్పావని కూడా అడిగారు. నేను మొదలుపెట్టి ముగించేసరికి ఆయన చేతిలో చుట్ట ఆరిపోయింది. దాన్ని గొలుసుకు కట్టేస్తే ఇల్లు పీకి పందిరి వేస్తుంది, పరుగే దాని ప్రాణం అని చెప్పాను. మన టాంగా జహంగీర్ బండి వెంట స్టేషను దాకా పోయి, గుర్రం డెక్కల పక్కనే మళ్ళీ ఇంటిదాకా పరుగెత్తి వచ్చి, ఇంకేముంది చెప్పు అన్నట్టు నా మొహం చూస్తుంది కదా! ఆ గుర్రమూ అదీ ఏ జన్మలోనో తోబుట్టువులై ఉంటారు. నీళ్ళ తొట్టి ఎప్పుడూ నిండుగా ఉండాలని, లేకపోతే ఈ జాతికి మూత్రంలో రాళ్ళు కడతాయని పశువుల డాక్టరు అన్న మాట కూడా చెప్పాను. మేక కార్జం పెట్టొద్దు, అన్నంలో మజ్జిగ కలిపి పెట్టు, ఒంటరిగా వదిలేయకు, అది మనుషుల మధ్య పడుకునే కుక్క అన్నాను. మామయ్య పకపకా నవ్వాడు.

"గిది కుక్కనా, కొత్తల్లుడా బిడ్డా?" అన్నాడు.

డాల్మేషియన్ అని మీరెంత చెప్పినా మన వీధిలో అది అమ్మవారు పోసిన కుక్కే. వచ్చిన కొత్తలో అత్తమ్మ దాన్ని గడప దాటనివ్వలేదు, గుర్తుందా? గుమ్మానికి వేపమండలు కట్టి, దాని ఒంటినిండా పసుపు పూసింది. పసుపు కడిగితే పోయింది, మచ్చలు పోలేదు. ఇవి తెల్లగా పుడతాయి, మచ్చలు తర్వాత తేలతాయి అని మీరు చెబితే, "అమ్మవారు గూడ గంతే గదరా, ఎన్కనే తేలుతది" అంది. అలాంటి మనిషే నెల తిరగకుండా దానికి చాటుగా రొట్టె వేయడం నేను కళ్ళారా చూశాను.

వెంట్రుకల గురించి మీరు రాసింది నిజమే. ఏడాది పొడవునా రాలుతూనే ఉంటాయి. నేను నల్లచీరలు కట్టడం మానేశాను. మన నీలిబండల మీద ఒక్క తెల్ల వెంట్రుక కూడా దాగదు. ఊపిరితిత్తులు నయమై వచ్చే మనిషికి అవి పడవని మీరు రాసినందుకే మనసు రాయి చేసుకుని దాన్ని పంపించాను.

ఇక ఇంద్రకు మాటలొచ్చాయా అని ప్రతి ఉత్తరంలోనూ అడుగుతున్నారు. ఇవాళో రేపో అని నేను రాస్తూ వచ్చాను. అత్తమ్మ ప్రతి ఆదివారం వస అరగదీసి దాని నాలుక మీద రాస్తూనే ఉంది. మూడో ఏడు నడుస్తోంది. పిలిస్తే చూస్తుంది, రమ్మంటే వస్తుంది, మాట ఒక్కటే లేదు. మీకూ చిన్నప్పుడు మాటలు ఆలస్యంగా వచ్చాయట కనుక తండ్రి పోలిక అనుకున్నాం.

ఇప్పుడు అసలు సంగతి రాస్తాను. కూర్చుని చదవండి.

మోతీని పంపిన మర్నాడు ఇంద్ర మన గుమ్మం ముందు, వీధిలో బండముక్కలతో ఆడుకుంటోంది. మలుపు తిరిగి జహంగీర్ టాంగా వచ్చింది. అతను గంట కొట్టాడు, అరిచాడు. పిల్ల తల ఎత్తలేదు. గుమ్మంలోంచి నేను గొంతు చించుకున్నాను. అయినా ఎత్తలేదు. అతను పగ్గాలు బిగించి లాగితే గుర్రం పిల్లకు జానెడు దూరంలో ఆగింది. నీడ మీద పడ్డాక ఇంద్ర పైకి చూసి, గుర్రాన్ని గుర్తుపట్టి నవ్వింది.

జహంగీర్ దిగి మన అరుగు మీద కూలబడ్డాడు.

"అమ్మా, ఒక్క మాట అంట, గుస్సా కాకుండ్రి. రోజు నా టాంగా సప్పుడైతె మోతీ లేస్తుండె. మోతీ లేస్తె పాప లేస్తుండె. ఇయ్యాల మోతీ లేదు. పాపకు ఇనొస్తలేదమ్మా."

నోటికొచ్చినట్టు తిట్టాను పాపం అతన్ని. తిట్టి, పిల్లను లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టి, వెనక నిలబడి ఇత్తడి తాంబాళం మీద గరిటెతో కొట్టాను. పక్కింటివాళ్ళు పరుగెత్తుకొచ్చారు. ఇంద్ర వెనక్కి తిరగలేదు.

ఈ జాతిలో కొన్ని పుట్టుచెవిటివి ఉంటాయని దాన్ని మనకిచ్చిన సికింద్రాబాదు దొర చెప్పినందుకు, మోతీని తెచ్చేటప్పుడు మీరు వెనక నిలబడి చప్పట్లు కొట్టి చూసి మరీ తెచ్చారు. కుక్కపిల్ల చెవులు చూసుకున్నాం కానీ మన పిల్ల చెవులు ఎవరం చూడలేదండీ. చూడాలని ఎందుకు తోస్తుంది? పిలిస్తే చూసేది కదా! ఆ పిలుపు విన్నది మోతీ. అది లేచి ఇంద్రను మూతితో పొడిచేది. ఇంద్ర దాన్ని చూసి, అది చూసిన వైపు చూసేది. ఆ మూగజీవానికి ఈ పని ఎవరు నేర్పారు? రెండేళ్ళుగా మన కళ్ళ ముందే చేసింది, దానికి ఒక్కనాడు మెచ్చుకోలు కూడా దక్కలేదు.

మా అన్నయ్యను తోడు తీసుకుని పట్నంలో చెవుల డాక్టరుకు చూపించాను. పుట్టుకతోనే వినికిడి లేదన్నాడు. తెలివికి కొదవలేదని కూడా అన్నాడు, ఆ సంగతి నాకు ముందే తెలుసు. ఇంటికొచ్చి చెబితే అత్తమ్మ వసకొమ్ము తీసుకెళ్ళి పొయ్యిలో పారేసింది. "ఉత్తగనే నా బంగారం నోరు మండిస్తినే, నా చేతులిరగ!" అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. తర్వాత ఆమే కొంగుతో మొహం తుడుచుకుని, "ఏడ్సుకుంట కూసుంటె ఏమొస్తది? జహంగీర్‌ను పిలువు, పొయ్యి మోతీని తోల్కరా" అంది.

పెద్దేముల్లో అది తిండి ముట్టకుండా పడుకుని ఉంది. నన్ను చూడగానే టాంగా చుట్టూ గిరగిరా తిరిగింది. ఎక్కమంటే ఎక్కలేదు. తాండూరు దాకా గుర్రం పక్కనే పరుగు. ఇంద్ర దాని మెడ పట్టుకుని ఆ సాయంత్రమంతా వదల్లేదు.

మీకు చెప్పకుండా తెచ్చాను. తప్పు చేశానని నేననుకోవడం లేదు. మోతీ ఈ ఇంట్లోంచి మళ్ళీ కదలదు. రోజూ పెరట్లో తడిగుడ్డతో దాని ఒళ్ళు తుడుస్తున్నాను, బండలు రెండు పూటలా కడుగుతున్నాను. మీ డాక్టరుగారిని అడగండి. ఇది చాలదంటే వెనక గది మీకు, వసారా దానికి. అక్కడికీ మీకు కోపం వస్తే రానివ్వండి, వచ్చాక తీరుస్తాను. బిడ్డ సంగతి ఇన్నాళ్ళు దాచింది మాత్రం మీరక్కడ ఒంటరిగా దిగులుపడి మళ్ళీ మంచం పడతారన్న భయంతోనే.

దిగులు పడకండి. మీ బిడ్డ మూగది కాదు. చేతులతో ఎన్ని కబుర్లు చెబుతుందో! ముంజేతి మీద వేలితో టకటకా చుక్కలు పెడితే మోతీ. ముక్కు పట్టుకుంటే అత్తమ్మ, ఆ ముక్కుపుడక ఉంది కదా. మీకు కూడా ఒక పేరు పెట్టింది. గోడ మీది మీ ఫోటో చూసి, తన పైపెదవి మీద రెండు వేళ్ళు అటూ ఇటూ దువ్వుతుంది.

నిన్న మన వీధిలో టాంగా ఆగి ఎవరో మీసాలాయన దిగాడు. ఇంద్ర గడప దాకా పరుగెత్తి, ఆయన్ని చూస్తూ పెదవి మీద వేళ్ళు దువ్వుతూ నిలబడింది. ఆయన తన దారిన పోయాడు. అది నావైపు తిరిగి మళ్ళీ దువ్వింది, ఏడీ అని.

వచ్చిన రోజున వెనక నుంచి పిలవకండి, ఎదురుగా నిలబడండి. వస్తూ బొమ్మలూ మిఠాయిలూ ఏమీ తేనక్కరలేదు. మీసం మాత్రం గీయించుకోకండి.

ఇట్లు,
మీ రాక కోసం చూస్తున్న
మీ ఇల్లాలు,
అరుణాదేవి